అర్థానికి గుర్తు, గుర్తుకు అర్థం

మన భాషలో 'అర్థం' అనేది విచిత్రమైన మాట. మాటకు ఉండేదీ అర్థమే, మనిషి సంపాదించేదీ అర్థమే. పురుషార్థాలలో ధర్మం వెంట నడిచేదానికీ, పలుకులో శబ్దం వెంట నడిచేదానికీ పెద్దలు ఒకే పేరు పెట్టినారు. మాట అర్థాన్ని మోసినంతవరకే మాట. నాణెం విలువను మోసినంతవరకే నాణెం. మోయవలసిన బరువును దించివేస్తే మొదటిది వట్టి చప్పుడు, రెండవది వట్టి లోహపు బిళ్ళ.

ఈ రెండు అర్థాలూ కలుసుకొనే చోటు ఒకటి ఉన్నది. అది ద్రవ్యానికి మనం వాడే గుర్తు. అంగడిలో ధరల పట్టీమీద, బ్యాంకు పుస్తకంలో, పెండ్లి చదివింపుల జాబితాలో, ప్రామిసరీ నోటులో నిత్యం మన కంటబడే ఆ నాలుగు గీతల కూర్పు ఏమి చెబుతున్నది? ఎవరి తరఫున చెబుతున్నది? ఈ ప్రశ్నను కొంచెం విచారిద్దాము.

ఇప్పుడు వాడుకలో ఉన్న ₹ అనే గుర్తు వయస్సులో చాల చిన్నది. 2009 మార్చిలో కేంద్ర ప్రభుత్వం రూపాయికి ఒక గుర్తు కావాలని పోటీ ప్రకటించినది. మూడు వేలకు పైగా నమూనాలు వచ్చినవి. వాటిలో ఐదింటిని ఏరి, ఆ ఐదింటిలో డి. ఉదయకుమార్ అనే యువకుడు గీసినదానిని 2010 జూలై 15న కేంద్ర మంత్రివర్గం ఆమోదించినది. ఆయన తమిళుడు, బొంబాయి ఐ.ఐ.టి.లో పరిశోధన ముగించుకొని గౌహతి ఐ.ఐ.టి.లో అధ్యాపకుడుగా చేరుతున్న సమయమది. 2011లో ఆ గుర్తు నాణేలమీదికి ఎక్కినది. తరువాత నోట్లమీదికీ వచ్చినది. అంతకుముందు మనం 'రూ.' అనీ, ఇంగ్లీషులో దానికి సమానమైన రెండక్షరాలనీ వ్రాసుకొనేవారము. ఆ రెండక్షరాలు పాకిస్తాను, నేపాలు, శ్రీలంక దేశాల రూపాయలకూ సాధారణమే. ఉమ్మడి ఇంటిపేరు వంటి ఆ సంక్షిప్తం నుండి మన రూపాయిని వేరుగా గుర్తుపట్టడానికి ఈ కొత్త గుర్తు పుట్టినది.

దాని నిర్మాణంలో రెండు లిపులు కలిసినవి. నాగరి లిపిలోని 'ర' ఒకటి. నిలువు కాలు తీసివేసిన రోమను 'ఆర్' రెండవది. పైన రెండు అడ్డగీతలు. వాటిలో పైది నాగరికి సహజమైన శిరోరేఖ. రెండు గీతలూ, వాటి నడిమి ఖాళీ కలిసి మువ్వన్నెల జెండాను స్ఫురింపజేస్తాయని రూపకర్త భావించినాడు. సమానత్వాన్ని తెలిపే గణిత చిహ్నాన్ని కూడ అందులో చూడవచ్చును. తెలుగు లిపికి మాత్రం శిరోరేఖ లేదు. మనకు ఉన్నది తలకట్టు. నెత్తిమీద అడ్డుబద్ద పెట్టుకొన్న లిపి అది, పాగా చుట్టుకొన్న లిపి ఇది. కాబట్టి తెలుగు పంక్తి నడుమ ఈ గుర్తు కనపడినప్పుడు చుట్టపుచూపుగా వచ్చిన పొరుగూరి పెద్దమనిషి వలె కొంచెం బిగువుగానే కూర్చుంటుంది. చుట్టానికి మర్యాద చేయడంలో మనకు లోటు లేదు గాని, ఇంటివారి మాట కూడ ఒకటి చెప్పుకోవలసి ఉన్నది.

లోకంలోని ప్రసిద్ధమైన ద్రవ్యపు గుర్తులను పరిశీలిస్తే వాటిలో పెక్కు ఒకప్పుడు మాటలేనని తెలుస్తుంది. ఇంగ్లీషువారి పౌను గుర్తు లాటిన్ భాషలో తూనికను తెలిపే 'లిబ్రా' అనే మాటకు మొదటి అక్షరం. దానికి అడ్డంగా ఒక గీత. అమెరికా డాలరు గుర్తు ఆ దేశపు డాలరు కంటె పాతది. స్పానిషు వర్తకం సాగిన రోజులలో పెసోలను తెలపడానికి 'పి', 'ఎస్' అనే రెండక్షరాలు వ్రాసేవారు. గుమాస్తాల చేతివాటంలో ఆ రెండూ ఒకదానిపై ఒకటి ఎక్కి నేటి రూపం దాల్చినవని పండితులలో ఎక్కువమంది అంగీకరించిన విషయం. వ్రాసీ వ్రాసీ చెయ్యి అలసిపోతే మాట గుర్తు అవుతుంది. కొన్నాళ్ళకు మాటను మరచిపోతాము; గుర్తు మిగులుతుంది.

ఇంగ్లీషువారు 1971 ఫిబ్రవరి 15 వరకు తమ పెన్నీని 'డి' అనే అక్షరంతో గుర్తించేవారు. పెన్నీ అనే మాటలో ఆ అక్షరమే లేదే అని విద్యార్థులు ఆశ్చర్యపడుతూ ఉంటారు. అది రోమనుల 'దెనారియస్' అనే నాణెపు పేరులోని మొదటి అక్షరం. ఆ దెనారియసే సంస్కృతంలో 'దీనారం' అయినది. మన శ్రీనాథ మహాకవికి విజయనగర ప్రభువు కనకాభిషేకం చేయించినది దీనార టంకాలతోనే గదా! లండను దుకాణదారు చీటీమీది ఒంటి అక్షరమూ, కవిసార్వభౌముని శిరస్సుమీద కురిసిన బంగారమూ ఒకే మాటకు వారసులు.

మన పెండ్లి శుభలేఖలలో, చందా రసీదులలో అంకెల తరువాత పెట్టే వాలుగీత, చిన్న అడ్డగీత కూడ ఇటువంటివే. '1,116/-' అని వ్రాస్తాము. ఆ వాలుగీత షిల్లింగును తెలిపే గుర్తు. పొడవుగా సాగదీసిన 'ఎస్' అక్షరపు అవశేషం. దాని పక్కనున్న అడ్డగీతకు 'ఆపైన చిల్లర లేదు' అని అర్థం. షిల్లింగు పోయినది, అణా పోయినది. ఆ గీతలు మాత్రం మన చదివింపుల చీటీలో కుదురుగా కూర్చున్నవి. అంకె పక్కన మరొక అంకె చేర్చకుండ కావలి కాయడం ఇప్పుడు వాటి ఉద్యోగం.

ఇవన్నీ కాగితంమీది గుర్తులు. కాగితానికి పూర్వమే గుర్తు లోహంమీద పుట్టినది. మన దేశపు అతి ప్రాచీనమైన నాణేలు విద్ధాంక నాణేలు. వెండి రేకును తూచి, ముక్కలు కత్తిరించి, సూర్యుడు, వృక్షం, కొండ, చక్రం వంటి ముద్రలను ఒక్కొక్కటిగా కొట్టేవారు. అటువంటి వెండి నాణేల పెద్ద రాశి మన అమరావతిలోనే దొరికినది. వాటిమీద రాజు పేరు లేదు, విలువ లేదు, అక్షరమే లేదు. ఉన్నది గుర్తు ఒక్కటే. ఆ గుర్తు 'ఈ వెండి మేలైనది, తూకం సరియైనది, నేను పూచీ' అని చెప్పేది. పాణిని తన వ్యాకరణంలో 'రూప్యం' అనే మాటను సాధిస్తూ 'రూపం కొట్టబడినది' అనే అర్థాన్ని చెప్పినాడు. మన రూపాయి ఆ రూప్యపు సంతానమే. అంటే రూపాయి అనే పేరులోనే గుర్తు దాగి ఉన్నది. గుర్తు వేసినది గనుక అది రూప్యం. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నాణేలను పరీక్షించే అధికారికి 'రూపదర్శకుడు' అని పేరు. తరువాతి కాలపు షరాబుకు ఆయన మూలపురుషుడు. మంచి సరుకును నేటికీ 'నాణ్యమైనది' అంటాము. గుర్తు నిజం చెప్పిన నాణెం నుండి మనకు దక్కిన విశేషణమది.

గుర్తు ఎవరిదైతే పూచీ వారిది. ఈ సంగతి శాతవాహనులకు బాగా తెలుసును. గౌతమీపుత్ర శాతకర్ణి క్షహరాత నహపానుని ఓడించిన తరువాత అతని వెండి నాణేలను కరిగించలేదు. వాటిమీదనే తన ముద్రలు కొట్టించినాడు. 1906లో నాసికు సమీపాన జోగల్తంబిలో దొరికిన నిధిలో 13,000 పైచిలుకు నహపానుని నాణేలు ఉండగా, వాటిలో 9,000కు పైగా ఈ విధంగా పునర్ముద్రితమైనవే. వెండి అదే, తూకం అదే, అడుగున పాత రాజు ముఖం లీలగా కనబడుతూనే ఉన్నది. మారినది మాట ఇచ్చినవాడు. విజయనగరం వరకు వస్తే గుర్తే నాణేనికి పేరయినది. వరాహపు ముద్రనుబట్టి వచ్చిన పేరు వరహా. ఆ వరహాలకు వారసురాలయిన నక్షత్ర వరహా మద్రాసు రాజధానిలో 1818లో రూపాయి ప్రమాణం ఏర్పడేవరకు చెలామణి అయినది. ఒక వరహాకు మూడున్నర రూపాయలు లెక్క.

షేర్షా సూరు పదహారవ శతాబ్దిలో ముద్రించిన రూపాయి 178 గ్రెయిన్ల వెండి. ఈస్టిండియా కంపెనీ 1835లో తన ఏలుబడి అంతటికీ 180 గ్రెయిన్ల రూపాయిని ప్రమాణం చేసినది. సరిగా తులం ఎత్తు. అందుచేతనే మన పెద్దలు 'రూపాయెత్తు బంగారం' అనేవారు. నాణెమే తూనికరాయి అయినది. ఆ రోజులలో గుర్తుకు అర్థం వెదుక్కోవలసిన పని లేదు. త్రాసులో వేస్తే తేలేది. తరువాత 1940లో రూపాయిలో వెండి సగానికి తగ్గినది. 1947 నాటికి వెండి పూర్తిగా పోయి నికెలు వచ్చినది. లోహంలోని అర్థం కరిగిపోయినకొద్దీ భారమంతా గుర్తుమీద పడినది.

ఒకే మాటకు రెండు విలువలు ఉంటే ఎట్లా ఉంటుందో తెలంగాణ పెద్దలకు అనుభవం. నిజాం రాజ్యానికి తన రూపాయి తనకు ఉండేది. దానిమీద చార్మినారు బొమ్మ. దానిని హాలీ సిక్కా అనేవారు. బ్రిటిషు ఇండియా రూపాయి యంత్రంమీద తయారైనది గనుక కల్దారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు సమానం. కాబట్టి ఆనాటి పత్రాలలో 'రూ. 100' అని వ్రాస్తే చాలేది కాదు. హాలీయా, కల్దారా అని తేల్చవలసి ఉండేది. హైదరాబాదు ఇండియా యూనియనులో చేరిన తరువాత భారత రూపాయి ప్రవేశించినది. హాలీ సిక్కా 1959 వరకు చట్టరీత్యా పూర్తిగా రద్దు కాలేదు. నూరు కల్దారు రూపాయలు ఇవ్వబోయి వాటికి సరియైన హాలీ రూపాయలు ఇవ్వడంచేత 'నూటపదహార్లు' ఆచారమైనవని ఒక జనశ్రుతి కూడ ఉన్నది. లెక్క కడితే నూటపదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు తేలుతుంది. చిల్లర వదిలివేసి జనశ్రుతిని జనశ్రుతిగానే ఆనందించవచ్చును.

ఇక తెలుగువారికి సొంతమైన గుర్తుల మాట. రూపాయికి పదహారు అణాలు ఉన్నంతకాలం మన లెక్కలకు అతి సుందరమైన లిపి ఒకటి ఉండేది. మన భిన్నాంకాలు నాలుగింటి లెక్కలో సాగేవి. కాలుకు ఒక నిలువు గీత (౹), అరకు రెండు (౺), ముక్కాలుకు మూడు (౻). ఆ కాలులో మళ్ళీ నాలుగవ వంతు వీసం, అనగా పదహారవ పాలు. దానికి ఒక అడ్డగీత (౼), రెండు వీసాలకు రెండు (౽), మూడింటికి మూడు (౾). ఇప్పుడు దీనిని రూపాయికి అన్వయించి చూడండి. నిలువు గీత పావలా, అడ్డగీత అణా. ఏడు రూపాయల తొమ్మిదణాలు అంటే ఏడు అంకె, దాని పక్కన రెండు నిలువు గీతలు, ఒక అడ్డగీత: ౭౺౼. పావలాల స్థానంలో ఏమీ లేకపోతే 'హళ్ళి' అనే సున్న (౸) ప్రత్యేకంగా ఉండేది. అణాలో నాలుగవ వంతయిన పైసాకు మళ్ళీ నిలువు గీతే. ఒక స్థానం నిలువు, ఒక స్థానం అడ్డం. ఏ గీత ఏ స్థానానిదో చూడగానే తెలిసేది. ఇంతటి తర్కం, ఇంతటి పొదుపు మరొక లెక్కల లిపిలో కనబడడం అరుదు.

1957 ఏప్రిలు 1న దశాంశ పద్ధతి వచ్చినది. రూపాయికి నూరు నయాపైసలు అయినవి. 1964 జూనులో 'నయా' అనే మాట కూడ రాలిపోయినది. సంస్కరణ మంచిదే, దానివల్ల లెక్క సులభమైనది. కాని ఆనాటితో నిలువు గీతకూ అడ్డగీతకూ పని లేకపోయినది. మాటలు మాత్రం పట్టు విడువలేదు. నేటికీ 'పదహారణాల తెలుగుతనం' అంటాము. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు అంటాము. పావలా కోడికి ముప్పావలా మసాలా అంటాము. 25 పైసల నాణెం 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయినది. అయినా నూటికి నెలకు పావలా చొప్పున కట్టే వడ్డీని 'పావలా వడ్డీ' అంటే తెలుగు పల్లెలో తెలియనివారు లేరు. నాణెం చచ్చిపోయినా మాట బ్రతికినది. గుర్తుకు ఆ అదృష్టం పట్టలేదు. మాట నోట ఉంటుంది గనుక తల్లి నుండి బిడ్డకు వస్తుంది. గుర్తు చేతిలో ఉంటుంది. నేర్పేవారు లేకపోతే ఒక్క తరంలో పోతుంది.

ఇది ఛాదస్తుల దుఃఖం అని కొట్టివేయరాదు. మన ఇండ్లలో అటకమీది పెట్టెలలో కరణాల లెక్కలు, భూముల దస్తావేజులు, కౌలు పత్రాలు, గుడిమాన్యాల జమాఖర్చులు ఇంకను ఉన్నవి. వాటిలో ఎవరికి ఎంత బాకీ, ఏ చేనుకు ఎంత శిస్తు, ఏ సంవత్సరం ఎంత ధాన్యం అనేది ఈ గీతలలోనే ఉన్నది. తెలుగు ఎం.ఏ. చదివినవారికి కూడ ఆ పుట ముందు పెడితే అక్షరాలు చదువుతారు, గీతలవద్ద ఆగిపోతారు. తాతగారి లెక్క మనుమడికి అర్థం కాదు — రెండు అర్థాలలోను! విచిత్రమేమంటే ఈ గుర్తులకు కంప్యూటరు లిపుల ప్రమాణమైన యూనికోడులో 2008లోనే స్థానం లభించినది. ₹ గుర్తుకు అక్కడ చోటు దొరికినది 2010లో. అంటే మన పాత గీతలు యంత్రంలోనికి కొత్త రూపాయి గుర్తు కంటె ముందే చేరినవి. యంత్రానికి వచ్చినది, మనకు రాకపోవడమే లోపం.

గుర్తుకూ మాటకూ ఉన్న సంబంధాన్ని మన పత్రరచన ఎరుగును. ప్రామిసరీ నోటులో అంకెలు వేసి ఊరుకోరు. 'అక్షరాల వెయ్యిన్ని నూటపదహారు రూపాయలు' అని తప్పక వ్రాస్తారు. అంకెను దిద్దవచ్చును, సున్న చేర్చవచ్చును. అక్షరాన్ని దిద్దడం కష్టం. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టం కూడ అంకెలకూ అక్షరాలకూ తేడా వచ్చినప్పుడు అక్షరాలలో ఉన్న మొత్తమే చెల్లుతుందని నిర్దేశించినది. చట్టం దృష్టిలో సైతం గుర్తు మాటకు సేవకుడే. ఈ పత్రాలనుండియే 'అక్షరాలా నిజం' అనే పలుకుబడికి అంతటి గట్టిదనం వచ్చినదనిపిస్తుంది. భద్రాచల రామదాసు కథలో సాక్షాత్తు శ్రీరాముడే తానీషాకు పైకం చెల్లించి రసీదు వ్రాయించుకొన్నాడని మనవారు చెప్పుకొంటారు. దేవుడికైనా కాగితంమీద మాట కావలెనని ఆ కథను అల్లిన జనానికి తెలుసును.

నోటుమీద ఉన్నదీ మాటయే. రిజర్వు బ్యాంకు గవర్నరు దానిని తెచ్చినవానికి ఇన్ని రూపాయలు చెల్లిస్తానని వాగ్దానం చేసి సంతకం పెడతాడు. ఒక రూపాయి నోటుమీద మాత్రం ఈ వాగ్దానం ఉండదు. దానిని విడుదల చేసేది ప్రభుత్వమే, సంతకం ఆర్థిక కార్యదర్శిది. వాగ్దానం చేయబడిన వస్తువు రూపాయియే గనుక దానికి వేరే వాగ్దానం దేనికి? నోటు వెనుక పదిహేను భాషలలో ఆ మొత్తాన్ని అక్షరాలలో వ్రాస్తారు. అందులో తెలుగు పంక్తి ఒకటి. ₹ గుర్తు అందరికీ ఉమ్మడి. ఆ పంక్తి మనకు ఇచ్చిన మాట. 2016 నవంబరు 8 అర్ధరాత్రి 500, 1,000 రూపాయల నోట్ల చెల్లుబాటు రద్దయినప్పుడు వాటిమీది గుర్తు చెరిగిపోలేదు, అంకెలు చెరిగిపోలేదు, తెలుగు అక్షరాలూ చెరిగిపోలేదు. పూచీ ఒక్కటే తొలగినది. తెల్లవారేసరికి నిన్నటి ద్రవ్యం బ్యాంకు వాకిట వరుసలో నిలబడవలసిన కాగితం అయినది. గుర్తుకు అర్థం గీతలలో లేదని దేశమంతా ఒక్క రాత్రిలో నేర్చుకొన్నది.

2025 మార్చిలో తమిళనాడు ప్రభుత్వం తన బడ్జెటు చిహ్నంలో ₹ గుర్తును తీసివేసి తమిళ 'రూ' అక్షరాన్ని ఉంచినప్పుడు పెద్ద వాదోపవాదాలు చెలరేగినవి. గుర్తును గీసినవాడు తమిళుడే కావడం ఆ వివాదానికి మరికొంత రుచి చేర్చినది. తెలుగువారు ఈ తగవులో ఏ పక్షానా నిలబడనక్కరలేదు. తెలుగు పత్రికలలో, రసీదులలో 'రూ.' ఎవరి అనుమతీ లేకుండ హాయిగా సాగుతూనే ఉన్నది. దేశానికి ఉమ్మడి గుర్తు ఒకటి ఉండడం అవసరం. మన పంక్తిలో మన అక్షరం ఉండడం అందం. రెండింటికీ చోటున్నది. మనం నిజంగా చింతించవలసినది మరొకటి. ఎవరూ తీసివేయమని చెప్పకుండానే, ఎవరితోనూ తగవు పడకుండానే, మన నిలువు గీతలనూ అడ్డగీతలనూ మనమే పోగొట్టుకొన్నాము. తెలుగు శాఖలలో పాత పత్రాల పఠనం నేర్పే చోట ఈ ఏడు గుర్తులను ఒక పూట నేర్పితే చాలును. అటకమీది పెట్టెలు మళ్ళీ మాట్లాడుతాయి.

తెలుగులో 'చెల్లు' అనే క్రియ ఒకటి ఉన్నది. నాణెం చెల్లుతుంది. బాకీ చెల్లిస్తాము. మొక్కు చెల్లిస్తాము. ఇచ్చిన మాటను కూడ చెల్లించుకొంటాము. డబ్బు ఇవ్వడానికీ మాట నిలుపుకోవడానికీ ఒకే క్రియను వాడిన మన పూర్వులకు ద్రవ్యపు గుర్తు అంటే ఏమిటో ఎవరూ బోధించనక్కరలేదు. అప్పిచ్చినవాడు పత్రంలోని అంకెను చూస్తాడు. ఆపైన సంతకం పెట్టినవాని ముఖం చూస్తాడు.